తన గుండుకు తనే ఎదురెళ్లిన విమానం

మొన్న మా చిన్న మనవడి పుట్టినరోజు అయింది. మర్నాటికి ఇంటినిండా బుడగలే. గోడలకు అంటించినవి కొన్ని, ఫ్యానుకు వేలాడుతున్నవి కొన్ని, మంచం కిందకు దూరినవి కొన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాను. వాడు ఒక ఎర్ర బుడగను ఎదురుగా పట్టుకుని, ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని వంటింటి వైపు ఒక్క చరుపు చరిచాడు. చరిచి, దాని వెనకే పరుగు తీశాడు. మూడో అడుగు పడిందో లేదో, ఆ బుడగ వాడి ముక్కుకే తగిలింది.

"తాతయ్యా, ఇది వెనక్కొచ్చి నన్ను కొట్టింది!"

"వెనక్కి రాలేదురా కన్నా. అది ముందుకే పోతోంది. నువ్వే వెళ్లి దానికి తగిలావు."

వాడు నమ్మలేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న వాళ్లక్క కూడా నమ్మలేదు. "మనం విసిరినదాన్ని మనమే ఎలా అందుకుంటాం తాతయ్యా? అది మనకన్నా స్పీడుగానే కదా వెళ్తుంది?" అంది. ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబుగా ఆ పిల్లలిద్దరికీ ఒక విమానం కథ చెప్పాను. అదే మీకూ చెబుతాను. ఇంట్లో బుడగ ఉంటే ఒకటి ఊది పక్కన పెట్టుకుని చదవండి.

అది 1956. అమెరికా తూర్పు తీరంలో, న్యూయార్క్ నగరం పక్కనుంచి అట్లాంటిక్ సముద్రంలోకి చాచిన చెయ్యిలా లాంగ్ ఐలాండ్ అని పొడుగాటి దీవి ఉంది. ఆ దీవిలో గ్రమ్మన్ అనే విమానాల కంపెనీ ఉండేది. అమెరికా నౌకాదళానికి యుద్ధ విమానాలు చేసిపెట్టేది. తన విమానాలకు పిల్లిజాతి పేర్లు పెట్టడం ఆ కంపెనీ ఆనవాయితీ. వైల్డ్‌క్యాట్, హెల్‌క్యాట్, పాంథర్, కూగర్, అలా. 1954లో మొదటిసారి గాల్లోకి లేచిన కొత్త జెట్ విమానానికి టైగర్ అని పేరు పెట్టారు. ఒక్కడే కూర్చునే చిన్న విమానం. ధ్వనివేగాన్ని దాటాలంటే గాలి తేలిగ్గా పక్కలకు జారిపోవాలి కాబట్టి, రెక్కలు అతికే చోట దాని ఒంటిని నడుములా సన్నం చేశారు. అప్పటికి అది కొత్త ఆలోచన. టైగర్‌లో నాలుగు ఫిరంగులుండేవి. ఫిరంగి అంటే కోట బురుజు మీద ఉండేది అనుకోకండి. 20 మిల్లీమీటర్ల గుండ్లను ఒకదాని వెనక ఒకటి వడగళ్లలా కక్కే పెద్ద తుపాకీ అన్నమాట. ఒక్కొక్కటి నిమిషానికి దాదాపు వెయ్యి గుండ్లు పేల్చగలదు.

కొత్త విమానం ఎగిరితే చాలదు. దాని మీద పెట్టిన ఆయుధం ఆ వేగంలో సరిగ్గా పనిచేస్తోందా అని కూడా చూడాలి. ఫిరంగి పేలితే విమానం అదురుతుంది, పొగ ఇంజనులోకి పోతుంది, బిగించిన మరలు వదులవుతాయి. అందుకని మొదట తయారైన విమానాల్లో కొన్నిటిని పూర్తిగా పరీక్షలకే కేటాయిస్తారు. అలాంటి ఒక టైగర్‌ను తీసుకుని సెప్టెంబరు 21న టామ్ ఆట్రిడ్జ్ అనే టెస్ట్ పైలట్ సముద్రం మీదికి వెళ్లాడు.

పని కష్టమైనదేమీ కాదు. 20,000 అడుగుల ఎత్తు నుంచి ముక్కు దించి వాలుగా కిందికి రావాలి. ధ్వనివేగం అందుకున్నాక ఫిరంగులు పేల్చాలి. ఎదుట శత్రువు లేడు, గురి లేదు, కింద ఖాళీ సముద్రం. 13,000 అడుగుల దగ్గర ఆయన నాలుగు సెకన్ల పాటు పేల్చాడు. తర్వాత ఆఫ్టర్‌బర్నర్ వేశాడు. అది ఇంజను వెనక గొట్టంలో మరికొంత ఇంధనం మండించి అదనంగా తోపు పుట్టించే ఏర్పాటు. దాంతో ముక్కు ఇంకాస్త దించి మరింత నిటారుగా దిగాడు. 7,000 అడుగుల దగ్గర మిగిలిన గుండ్లు కూడా పేల్చేశాడు.

అప్పుడే ఎదుటి అద్దం పగిలింది.

పక్షి తగిలిందనుకున్నాడు ఆయన. అనుకోక ఏం చేస్తాడు? ఖాళీ ఆకాశంలో ఇంకేముంటుంది? అద్దం లోపలికి కూలి మొహం మీద పడకుండా వేగం బాగా తగ్గించి, కంపెనీ విమానాశ్రయం వైపు తిప్పాడు. దారిలో చూస్తే కుడి పక్క గాలి పీల్చుకునే ద్వారం అంచుకు దెబ్బ కనిపించింది. ఇంజను కూడా మాట వినడం లేదు. సుమారు 78 శాతం కన్నా శక్తి పెంచితే గరగరమంటూ గోల పెడుతోంది. అలాగే నెమ్మదిగా, ఎత్తు కోల్పోతూ, రన్‌వే కనిపించేంత దూరం వచ్చాడు. ఇక రెండు మైళ్లే. చక్రాలు, ఫ్లాపులు దించాక విమానం కిందికి జారిపోతోంది, ఇంకాస్త శక్తి కావాలి. ఇంజను శక్తి పెంచే థ్రాటిల్ మీటను ముందుకు తోశాడు. లోపల ఏదో తనను తాను చీల్చుకుంటున్నట్టు శబ్దం చేసి ఇంజను చచ్చిపోయింది. విమానం రన్‌వేకు ఇవతలే చెట్లను నరుక్కుంటూ నేలకు దిగి అంటుకుంది. ఆట్రిడ్జ్‌కు కాలు విరిగింది, వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ స్థితిలోనే మంటల్లోంచి బయటపడ్డాడు. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది.

తర్వాత శిథిలాలు వెతికినవాళ్లకు పక్షి ఈక ఒక్కటి కూడా దొరకలేదు. మూడు దెబ్బలు కనిపించాయి. ఒకటి ఎదుటి అద్దానికి, ఒకటి ముక్కుకు, ఒకటి గాలి ద్వారానికి. ఇంజను ముందు భాగంలో 20 మిల్లీమీటర్ల గుండు దొరికింది. తన ఫిరంగిలోదే!

ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలు కళ్లు పెద్దవి చేసింది. "అదెలా కుదురుతుంది?" అంది. నా చిన్నప్పుడు ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే పుస్తకం మూసేసి చాలాసేపు ఆలోచించాను. అసలు రహస్యమంతా ఒక్క మాటలో ఉంది. గుండుది చద్దిమూట బతుకు, విమానానిది వెంట పొయ్యి ఉన్న బతుకు.

పొలానికి వెళ్లేవాడికి ఇంట్లో చద్దిమూట కట్టి ఇస్తారు. అది తింటూ పోవాలి. అయిపోతే ఇక లేదు. గుండుకు కూడా అంతే. ఫిరంగి గొట్టంలో మందు పేలినప్పుడు పడిన ఒక్క తోపు. గొట్టం దాటాక దాన్ని తోసేవాడు ఎవడూ లేడు. దారిపొడుగునా గాలి ఆ మూటలోంచి పిడికెడు పిడికెడు లాక్కుంటూనే ఉంటుంది. విమానం సంగతి వేరు. ఇంజను వండుతూనే ఉంటుంది, విమానం తింటూనే ఉంటుంది. గాలి ఎంత లాక్కుంటే అంతా మళ్లీ భర్తీ చేసుకుంటుంది. బుడగకు పడింది ఒక్క చరుపు, మావాడికి కాళ్లున్నాయి. తేడా అదే.

అయితే గాలి నిజంగా అంత లాక్కుంటుందా? మనం గాలిని తక్కువ అంచనా వేస్తాం. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టవద్దని కండక్టరు అరుస్తాడు కాబట్టి మీరు పెట్టి ఉండరు. స్కూటరు వెనక కూర్చుని అరచెయ్యి గాలికి ఎదురుగా పట్టి చూడండి, నాన్నగారు నెమ్మదిగా పోతున్నప్పుడే సుమా. వేగం రెట్టింపు అయితే గాలి తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. ధ్వనివేగం దాటాక గాలి ముందుగా పక్కకు తప్పుకోలేదు, గుండు ముందు ముద్దగా నొక్కుకుపోతుంది. అప్పుడు అడ్డు ఇంకా ముదురుతుంది.

ఆట్రిడ్జ్ గుండు సంగతి నేనొక కాగితం మీద వేసి చూశాను. మా మనవరాలికీ చూపించాను. ఉజ్జాయింపు లెక్కే, కానీ సంగతి తెలుస్తుంది. ఆ ఫిరంగి గొట్టంలోంచి గుండు సెకనుకు సుమారు 1,000 మీటర్ల వేగంతో వస్తుంది. విమానం వేగాన్ని లెక్క సులువు కోసం సెకనుకు 350 మీటర్లు అనుకుందాం. గుండుకు ఈ రెండూ కలుస్తాయి, అంటే 1,350 మీటర్లు. విజయవాడ నుంచి గుంటూరుకు అరనిమిషం కూడా పట్టని వేగం. గుండు బరువు 110 గ్రాములు, మన ఇంట్లో ఒక పెద్ద టమాటా అంత. ఆ వేగంలో, ఆ ఎత్తులోని గాలిలో, ఆ టమాటా అంత గుండును వెనక్కి నొక్కే బలం ఎంతో తెలుసా? దాదాపు పది కిలోల బియ్యం సంచి దాని మూతి మీద కూర్చున్నంత. తన బరువుకు 90 రెట్లు!

ఇంత బరువు మీద పడితే ఏమవుతుంది? ఒక సెకను గడిచేసరికి 1,350 కాస్తా 800 అయింది. రెండో సెకనుకు 600 లోపు. మూడో సెకనుకు 450. నాలుగున్నర సెకన్లకు గుండు వేగం, విమానం వేగం సమానం. అప్పటికి గుండు విమానానికి కిలోమీటరుకు పైగా ముందుంది. కానీ ఇక అక్కడి నుంచి గుండుదే వెనకబాటు. విమానం అదే వేగంతో, ఆఫ్టర్‌బర్నర్ వేశాడు కాబట్టి ఇంకా ఎక్కువ వేగంతో వస్తోంది. గుండు క్షణక్షణానికీ నీరసిస్తోంది. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది కాబట్టి ఇంకా నీరసిస్తోంది. మొదట పేల్చినప్పటి నుంచి సుమారు 11 సెకన్లకు రెండూ ఒకచోట కలిశాయి. మూడున్నర, నాలుగు కిలోమీటర్ల ప్రయాణం తర్వాత!

"కలవాలంటే ఒకే దారిలో ఉండాలి కదా తాతయ్యా? ఆకాశం అంత పెద్దది" అంది మనవరాలు. ఇది రెండో మంచి ప్రశ్న, నిజానికి మొదటిదాని కన్నా మంచిది.

గుండు పేలిన దిక్కుకే తిన్నగా పోదు. భూమి లాగుతుంది కదా. తోటకు నీళ్లు పెట్టే గొట్టం వాలుగా పట్టి చూడండి, ధార మొదట తిన్నగా వెళ్లి, రానురాను కిందికి వంగిపోతుంది. 11 సెకన్లలో, గాలి అడ్డే లేకపోతే ఏ వస్తువైనా 590 మీటర్లు కిందికి పడుతుంది. గాలి అడ్డు ఉంది కాబట్టి గుండు అంతకన్నా కాస్త తక్కువ పడుతుంది. అంటే గుండు దారి విల్లులా వంగి సముద్రం వైపు దిగింది. ఆట్రిడ్జ్ తిన్నగా అదే వాలులో పోయి ఉంటే గుండ్లన్నీ ఆయన కింద నుంచి జారిపోయేవి. కానీ ఆయన ముక్కు ఇంకాస్త దించాడు. గుండ్లు విల్లు బద్ద వెంట పోతుంటే ఈయన అల్లెతాడు వెంట పోయాడు. బద్ద, తాడు రెండూ ఒకే కొసన కలుస్తాయి. నాలుగు ఫిరంగులు నాలుగు సెకన్లు పేలితే రెండొందల యాభైకి పైగా గుండ్లు. అన్నీ ఒక్క చోట ఉండవు, ముందూ వెనకా గుంపుగా విస్తరించి ఉంటాయి. ఆ గుంపులోకి ఆయన పోయాడు. మూడు తగిలాయి.

మావాడికి ఇంకో అనుమానం. గుండు అంత నీరసించాక అద్దం ఎలా పగిలింది? గుండు నీరసించింది గానీ విమానం నీరసించలేదు కదరా. గోడకు నువ్వు పరుగెత్తి వెళ్లి గుద్దుకున్నా నొప్పి నీకే. గుండుకూ విమానానికీ వేగంలో తేడా సెకనుకు 150 మీటర్లు అనుకున్నా, ఆ 110 గ్రాముల దెబ్బలో ఉన్న శక్తి, పది కిలోల బియ్యం బస్తాను నాలుగో అంతస్తు నుంచి వదిలినంత. అదీ రూపాయి బిళ్లంత చోటులో. ఇక ఇంజను లోపల గిర్రున తిరిగే పలకల మధ్య చిన్న ఇనపముక్క పడితే ఏమవుతుందో, మిక్సీలో చెంచా పడినప్పుడు మీ అమ్మ మొహం చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక పాత మనిషిని తలుచుకోవాలి. గాలి గుండును ఎంతగా ఆపుతుందో మొట్టమొదట కొలిచి చూపించినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన. అంతకుముందు గెలీలియో వంటి మహానుభావులు విసిరిన వస్తువు చక్కటి వంపులో పోతుందని చెప్పారు. ఆ లెక్కలో గాలి లేదు. గాలి అంత పలచనిది, ఇనప గుండును ఏం చేస్తుంది అని చాలామంది నమ్మకం. రాబిన్స్ తాడుకు బరువైన చెక్క దిమ్మ వేలాడదీసి, దాంట్లోకి తుపాకీ పేల్చాడు. దిమ్మ ఎంత ఊగిందో కొలిచి, దాన్నిబట్టి గుండు వేగం లెక్కగట్టాడు. దిమ్మను దగ్గరా దూరమూ జరిపి పేల్చి, మధ్యలో గాలి ఎంత మింగిందో పట్టుకున్నాడు. 1742లో పుస్తకం వేశాడు. అందులోని ఒక లెక్క నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సెకనుకు 1,700 అడుగుల వేగంతో పోయే తుపాకీ గుండు గాలి లేకపోతే 17 మైళ్లు పోవాలి. నిజంగా పోయేది అర మైలు కూడా కాదు. 17 ఎక్కడ, అర ఎక్కడ! ధ్వనివేగం దగ్గర గాలి అడ్డు హఠాత్తుగా పెరుగుతుందని కూడా ఆయనే గమనించాడు, విమానమనే మాట పుట్టక ముందు.

ఆ రాబిన్స్ చివరికి ఎక్కడ పోయాడో చెబితే మా మనవరాలు నమ్మలేదు, అట్లాసు తెప్పించి చూపించాల్సి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఆయన్ను కోటలు బాగు చేయించడానికి మన దేశానికి పంపింది. 1751లో మన కోరమాండల్ తీరంలోనే, కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. మన నెల్లూరు, బందరు ఉన్న సముద్రపు ఒడ్డే అది. తూటాకు గాలి ఎంత బరువో కొలిచినవాడు మన గాలిలోనే ఆఖరి ఊపిరి విడిచాడు.

మళ్లీ ఆట్రిడ్జ్ దగ్గరకు వద్దాం. ప్రమాదం తర్వాత చాలామంది ఇది కోటికొక్క యాదృచ్ఛికం అనుకున్నారు. ఆట్రిడ్జ్ ఒప్పుకోలేదు. ఈ వేగాల్లో ఇది మళ్లీ ఎప్పుడైనా జరగవచ్చన్నాడు. ఆయన పక్షమే నాకు సబబనిపిస్తుంది. యాదృచ్ఛికం అన్నది ఆ మూడు గుండ్లు తగలడంలో ఉంది గానీ, ఆ గుంపులోకి వెళ్లడంలో లేదు. పేల్చి, ముక్కు దించి, వేగం పెంచి పోతే గుండ్లూ విమానమూ ఒక చోటికే చేరతాయి. అది లెక్క. పాత రోజుల్లో, పంకా విమానాల కాలంలో, విమానం తన గుండ్లను అందుకునేంత వేగంగా పోయేదే కాదు. విమానం ధ్వనివేగాన్ని దాటిన రోజునే ఈ ప్రమాదం పుట్టింది. దాన్ని చూపించడానికే కదా పరీక్షలు పెట్టుకున్నది. అరవై ఏళ్లు దాటాక, 2019 జనవరిలో, నెదర్లాండ్స్ వైమానిక దళానికి చెందిన ఎఫ్-16 యుద్ధ విమానం ఒకటి సముద్రపు ఒడ్డున గురి సాధన చేస్తుండగా దానికి తన ఫిరంగి గుండే తగిలింది. ఆ పైలట్ క్షేమంగా దిగాడు.

గ్రమ్మన్ కంపెనీకి మాత్రం ఇలాంటి కష్టం ఇంకోటి రాసిపెట్టి ఉంది. టైగర్ తర్వాత పదహారేళ్లకు టామ్‌క్యాట్ అనే విమానం చేశారు. ఎఫ్-14. పెద్దది, రెండు ఇంజన్లు, ఇద్దరు మనుషులు, గాల్లోనే రెక్కలు వెనక్కి ముడుచుకునే విద్య. ఈసారి గుండ్లు కాదు, క్షిపణులు. 1973 జూన్ 20న కాలిఫోర్నియా తీరంలో, పాయింట్ మగూ దగ్గర పసిఫిక్ సముద్రం మీద, ఆ శ్రేణిలో అయిదో విమానంతో పరీక్ష. ముందు సీట్లో పీట్ పర్విస్, వెనక బిల్ షెర్మన్. విమానం పొట్ట కింద బిగించిన స్పారో క్షిపణి ఒకటి వదలాలి. దాదాపు 200 కిలోల బరువు, పన్నెండు అడుగుల పొడుగు. గురి ఏమీ లేదు. అది విమానాన్ని శుభ్రంగా విడిచి దూరంగా పోతోందా లేదా అని చూడటమే పని.

క్షిపణి విడివడింది. కానీ దూరంగా పోలేదు. ముక్కు పైకెత్తి వచ్చి విమానం పొట్టనే గుద్దింది. ఇంధనం తొట్టి చిరిగి మంట లేచింది. విమానం ఒక్కసారిగా ముక్కు ఆకాశానికెత్తి అదుపు తప్పింది. ఇద్దరూ సీట్లతో సహా బయటికి ఎగిరిపోయారు. పారాచూట్లు విప్పుకున్నాయి, సముద్రంలోంచి హెలికాప్టరు పైకి తీసింది. ఇద్దరూ బతికారు.

ఇది గాలి అడ్డు కథ కాదు, వేరే సంగతి. చెట్టు నుంచి మామిడికాయ ఎందుకు రాలుతుంది? బరువుంది కాబట్టి. మరి బరువే లేకపోతే? బస్సు కల్వర్టు మీద వేగంగా ఎక్కి దిగినప్పుడు మీ పొట్టలో ఒక్క క్షణం ఏదో తేలినట్టు అనిపిస్తుంది కదా. ఆ క్షణంలో మీ ఒళ్లో పెట్టుకున్న సంచి ఒళ్లో ఉన్నట్టే ఉండదు. ఆ రోజు టామ్‌క్యాట్‌ను సరిగ్గా అలా నడుపుతూ క్షిపణి వదిలారు. విమానంతో పాటు క్షిపణి కూడా తేలుతున్నట్టే. దాన్ని కిందికి లాగేది ఏదీ లేదు. చిన్న మందుగుండుతో పనిచేసే రెండు కాళ్లు దాన్ని కిందికి తన్నాలి, అంతే. ఆ తన్ను చాలక, విమానం పొట్ట కింద పారే గాలి దాని ముక్కును పట్టుకుంటే? తూర్పారబట్టేటప్పుడు చేట ముందంచు కాస్త పైకి లేస్తే గాలి దాన్ని ఎలా ఎగరేస్తుందో మా ఊళ్లో పిల్లలకు తెలుసు. ఇక్కడ చేట 200 కిలోలది, గాలి ధ్వనివేగానికి దగ్గరిది.

ఈ రెండు కథలూ విన్నాక మావాడు "అయితే అసలు పేల్చకుండా ఉంటే సరిపోయేది" అన్నాడు. సరిపోదు నాన్నా. పరీక్షలో కనిపించనిది తర్వాత, వందల విమానాలు చేసి కుర్రాళ్ల చేతికి ఇచ్చాక కనిపిస్తుంది. అప్పుడు పరీక్షల్లోలా పక్కన ఫోటో తీసే విమానం ఉండదు, కింద సిద్ధంగా హెలికాప్టరు ఉండదు. అందుకే ఆయుధాన్ని విమానానికి జత చేయడం ఎక్కడైనా ఏళ్ల పని. ముందు నేల మీద విమానాన్ని నిలబెట్టి ఆయుధాన్ని కింద పరుపుల్లోకి వదిలి తన్ను సరిపోయిందా అని చూస్తారు. తర్వాత వదలకుండా ఊరికే మోసుకు తిరుగుతారు. తర్వాత మందు లేని బొమ్మను వదులుతారు. అన్నీ కుదిరాకే అసలుది.

మన హైదరాబాదులో డీఆర్‌డీఎల్ అనే సంస్థ ఉంది. మన దేశపు క్షిపణులకు పుట్టినిల్లు. గాల్లోంచి గాల్లోకి పేల్చే అస్త్ర క్షిపణి అక్కడ రూపుదిద్దుకున్నదే. దాన్ని తయారుచేసే భారత్ డైనమిక్స్ కూడా హైదరాబాదుదే. 2023 ఆగస్టు 23న గోవా తీరంలో, సుమారు 20,000 అడుగుల ఎత్తులో, మన తేజస్ విమానం నుంచి అస్త్రను పేల్చారు. పక్కనే రెండు సీట్ల తేజస్ ఇంకోటి ఎగురుతూ కళ్లప్పగించి చూసింది. క్షిపణి విడివడిన ఆ మొదటి క్షణం కోసమే ఆ రెండో విమానం. ఆ వార్త చదివినప్పుడు నాకు పర్విస్, షెర్మన్ గుర్తొచ్చారు. ఆ వార్తలో అంతా సవ్యంగా జరిగిందన్న ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం కోసం ఎంతమంది ఎన్ని రాత్రులు కూర్చున్నారో అని నాకు కళ్లు చెమర్చాయి.

క్షిపణికి చద్దిమూటతో పాటు కొంతదూరం వరకూ పొయ్యి కూడా ఉంటుంది, రాకెట్టు ఉంది కదా. కాబట్టి అది గుండులా వెంటనే నీరసించదు. దానితో ప్రమాదమంతా మొదటి అరసెకనులోనే. గుండుతో ప్రమాదం పదో సెకనులో.

టామ్ ఆట్రిడ్జ్ ఏమయ్యాడని అడిగింది మనవరాలు. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ విమానం ఎక్కాడు. తర్వాత అదే గ్రమ్మన్ కంపెనీ చంద్రుడి మీద దిగే లూనార్ మాడ్యూల్ చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగింది వాళ్లు చేసినదాంట్లోనే. ఆ మాడ్యూళ్ల పనిలో ఆట్రిడ్జ్ కూడా ఉన్నాడు. గాలి చేసిన మాయకు విమానం పోగొట్టుకున్న మనిషి, గాలే లేని చోటికి పోయే బండి కట్టాడు.

"గాలి లేని చోట పేలిస్తే గుండు ఆగదా అయితే?" అన్నాడు మావాడు, ఎర్ర బుడగను ఒళ్లో పెట్టుకుని.

ఆగదు. చంద్రుడి మీద అదే ఫిరంగిని వాలుగా ఎత్తి పేలిస్తే గుండు ఆరొందల కిలోమీటర్లకు పైగా పోయి పడుతుంది. పడేటప్పుడు కూడా బయలుదేరినప్పటి వేగమే, చద్దిమూట విప్పకుండానే. ఇంకా గట్టి ఫిరంగి తెచ్చి, కొండలేవీ అడ్డు లేని చోట నేలకు సమంగా, సెకనుకు 1,680 మీటర్ల వేగంతో పేల్చామనుకోండి. గుండు పడబోతుంటే కింద నేల కూడా అంతే వంగిపోతుంది. ఇక ఎప్పటికీ పడదు. చంద్రుడిని ఒక చుట్టు చుట్టి, సుమారు 108 నిమిషాలకు, పేల్చిన చోటికే, వెనక వైపు నుంచి వస్తుంది. ఈలోపు చంద్రుడు తన చుట్టూ తాను తిరిగే ఆ కొద్దిపాటి జరుగుడు కూడా అడ్డం రాకూడదనుకుంటే ధ్రువం దగ్గర నిలబడి పేల్చాలి.

పిల్లలిద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మావాడు లేచి, బుడగను మళ్లీ వంటింటి వైపు చరిచి, ఈసారి పరుగు తీయకుండా ఒక్క అడుగు పక్కకు జరిగి నిలబడ్డాడు.